చిన్న ధార, పెద్ద కథ
సెయింట్ పాల్‌లో హిడెన్ ఫాల్స్ పార్కుకి మొదటిసారి వెళ్లినప్పుడు నిరాశపడ్డాను. రాతి మీంచి జారే సన్నటి ధార, అంతే.

సుమారు 12,000 ఏళ్ల కిందట మిసిసిపీ మీది పెద్ద జలపాతం ఇక్కడికి దిగువన, ఫోర్ట్ స్నెల్లింగ్ దగ్గర ఉండేది. పైన సున్నపురాయి, కింద మెత్తటి ఇసుకరాయి. ఇసుకరాయి కోసుకుపోతుంటే పై రాయి విరిగిపడి, జలపాతం మినియాపొలిస్ దాకా వెనక్కి జరిగింది. నది లోయలోకి దిగిపోయింది, వాగులు గట్టు మీదే మిగిలాయి. అవే ఈ చిన్న జలపాతాలు.

పెద్దదాన్ని డకోటాలు ఒవామ్నియోమ్ని అనేవారు. 1680లో హెన్నెపిన్ అనే మతగురువు సెయింట్ ఆంథొనీ పేరు పెట్టేశాడు. 1869లో మిల్లుల కోసం నది కింద తవ్వుతున్న సొరంగం కూలింది. ఇప్పుడా జలపాతం కాంక్రీటు వాలు.

1862-63 చలికాలంలో సుమారు 1,600 మంది డకోటాలని, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లని, ఆ కోట కిందే నిర్బంధించారు. చాలామంది చనిపోయారు.

ఇప్పుడెప్పుడు వెళ్లినా ధార దగ్గర ఫొటో తీసుకుని, కాసేపు దిగువకి చూస్తూ నిలబడతాను.