ఉడుమలైపేట పురపాలక ఎన్నికలు (2022)

తమిళనాడులోని తిరుప్పూరు జిల్లా ఉడుమలైపేట పురపాలక సంఘానికి 2022 ఫిబ్రవరి 19న ఎన్నికలు జరిగాయి. ఓట్లు ఫిబ్రవరి 22న లెక్కించారు. రాష్ట్రంలోని 21 నగరపాలక సంస్థలకు, 138 పురపాలక సంఘాలకు, పట్టణ పంచాయతీలకు ఒకే విడతలో జరిగిన పోలింగులో ఇదొక భాగం. పట్టణంలో 33 వార్డులున్నాయి. 2011 జనగణన ప్రకారం జనాభా 61 వేల పైచిలుకు. 2009లో తిరుప్పూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు కోయంబత్తూరు జిల్లాలో ఉండేది.

పదేళ్ల తర్వాత వచ్చిన ఎన్నికలని కొందరు రాస్తారు. గత పోలింగు 2011 అక్టోబరులో జరిగింది కనుక ఆ మాటలో తప్పు లేదు. అయితే పాలకవర్గం లేని కాలాన్ని ఆ మండలి గడువు ముగిసిన 2016 అక్టోబరు నుంచి లెక్కించడమే సబబు. అలా చూస్తే అది అయిదేళ్లకు పైమాట. ఆలస్యానికి అప్పటి ముఖ్యమంత్రి జయలలిత అనారోగ్యం, మరణం కారణమన్న మాట కూడా వినిపిస్తుంది. అంతకంటే నమ్మదగినది కోర్టు వ్యవహారం: షెడ్యూల్డు తెగల రిజర్వేషను లోపాలు, నోటిఫికేషను జారీలో నిబంధనల ఉల్లంఘన చూపి 2016లో జరగాల్సిన ఎన్నికలను మద్రాసు హైకోర్టు ఆ ఏడాది అక్టోబరు 4న రద్దు చేసింది. అప్పటికి ఆమె ఆస్పత్రిలో ఉన్నా జీవించే ఉన్నారు. ఆపై వార్డుల పునర్విభజన సాగింది. ఈలోగా పాలన ప్రత్యేకాధికారుల చేతిలో ఉంది. తాగునీరు, మురుగు, వీధిదీపాల వంటి నిత్యావసరాలకు వార్డులో నిలదీయడానికి సభ్యుడే లేకపోవడం చిన్న లోటు కాదు.

ఓటరు చేతికి వచ్చిన అధికారం కూడా ఈసారి తగ్గింది. 2011లో అధ్యక్షునికి ఒకటి, వార్డు సభ్యునికి ఒకటి, రెండు ఓట్లు వేసేవారు. 2022లో సభ్యునికి వేసే ఓటే మిగిలింది. అధ్యక్షుణ్ణి మార్చి 4న సభ్యులే ఎన్నుకున్నారు. 1996, 2001లలో ప్రత్యక్షం, 2006లో పరోక్షం, 2011లో మళ్లీ ప్రత్యక్షం: పద్ధతి ఇలా మారుతూనే వచ్చింది. మహిళలకు సగం స్థానాలు కేటాయించడం మాత్రం ఈ విడతలో కొత్తగా అమలైన మేలైన మార్పు. పోలింగు ఉదయం ఏడింటికి మొదలైంది; చివరి గంటను, అంటే సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు, కోవిడ్ సోకినవారికి కేటాయించారు.

రాష్ట్రమంతటా డీఎంకే కూటమి గాలి వీచింది. అన్నాడీఎంకే, బీజేపీ విడివిడిగా పోటీచేశాయి. ఉడుమలైపేట అధ్యక్ష పదవీ డీఎంకేకే దక్కింది. 2021 శాసనసభ ఎన్నికల్లో ఇదే నియోజకవర్గంలో అన్నాడీఎంకేకి చెందిన ఉడుమలై కె. రాధాకృష్ణన్ గెలిచారు కనుక, పట్టణం ఓటును నియోజకవర్గం ఓటుతో కలిపి చూడకూడదు.

ఈ ప్రాంతంలో కమ్మ నాయుళ్లు, రాజకంబళం నాయకర్లు, అరుంధతీయులు తరతరాలుగా ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతున్నారు. ఓటర్ల జాబితాలో మాతృభాష ఉండదు. పోటీ కూడా పార్టీల పేరిటే సాగుతుంది. కాబట్టి ‘తెలుగు ఓటు’ ఎటు పడిందని చెప్పే కథనాలను అంచనాలుగానే తీసుకోవాలి.