తగవు అనే మాట పుట్టిల్లు

సోదరీమణులారా, కుళాయి దగ్గర బిందెలు ముందూ వెనకా అయితే "పొద్దున్నే ఎందుకమ్మా ఈ తగవు?" అంటాం. ఆ మాట ఒకప్పుడు న్యాయానికి పేరు అంటే నమ్ముతారా?

"తగు" అంటే సరిపోవడం, ఉచితం కావడం. "ఇది నీకు తగునా?" అని పిల్లల్ని మందలించేటప్పుడు మన నోట వచ్చేది అదే. ఎవరికి తగినది వారికి చెందడం తగవు. తమిళంలోనూ తగవు అంటే యోగ్యత, న్యాయం. మన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉండి, 13వ శతాబ్దంలో భారతం రాసిన తిక్కనగారి నాటికి తగవు న్యాయమే. తీర్పు చెప్పే పెద్దను తగవరి అనేవారు. 1852లో అచ్చయిన బ్రౌనుదొర నిఘంటువు తిరగేయండి, ఆ ఒక్క మాట కిందే న్యాయమూ ఉంది, పోట్లాటా ఉంది!

ఎలా మారిందంటే, నాకు తోచేది ఇదీ. పొలం గట్టు దగ్గర పేచీ వస్తే తగవు కోసం పెద్దమనుషుల దగ్గరికి పోయేవారు. పోగాపోగా వెళ్లిన పని పేరు తెచ్చిన పేచీకే అంటుకుంది. పాపం, రచ్చకూ అదే గతి. తీర్పులు చెప్పిన రచ్చబండ పేరు ఇప్పుడు అల్లరికి వాడుతున్నాం.

ఆత్మకూరు మీదుగా అనుమసముద్రంపేట దర్గాకు వెళ్లిన వాళ్లకు తెలుసు, అక్కడ తెలుగూ ఉర్దూ కలిసే వినపడతాయి. తగాదా మనకు అలా ఆ వైపునుంచి వచ్చిన మాటే. తగవుకు తోబుట్టువులా కనిపిస్తుంది గానీ చుట్టరికం ఏమీ లేదు. ఉర్దూలో "తకాజా" అంటే రావలసినది ఇమ్మని అడగడం. తీర్పు చెప్పే ఖాజీ అన్న మాటా, ఇదీ ఒకే అరబ్బీ ధాతువులోంచి పుట్టాయి. న్యాయంగా రావలసినది అడిగితే పోట్లాట కింద జమకట్టాం, చూశారా!

ఈ సంగతి ఆడవాళ్లకే ఎందుకు చెబుతున్నానంటే, మన రాష్ట్రంలో 1986లో చేసిన చట్టం, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమంగా వాటా ఇచ్చింది. 2005లో పెళ్లయిందా లేదా అన్న భేదం లేకుండా దేశమంతటా ఆ హక్కు వచ్చింది. అయినా అడిగిన పిల్లను "పుట్టింటితో తగవు పెట్టుకుంది" అంటూనే ఉన్నారు. తిక్కనగారి నాటి తెలుగులో అయితే, ఆ పిల్ల తగవు అడిగిందనే అనాలి.