కంప్యూటరు ఆటలు – లినక్సు చరిత్ర

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున ఆదోని ప్రత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరుపొందిన పట్టణములు. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఎమ్మిగనూరులో నేతగాండ్ల సహకార సంఘము ఏర్పడినది. ఒంటరి నేతగాడు నూలు కొనుటలోను, బట్ట అమ్ముటలోను పరుల దయపై ఆధారపడవలసి వచ్చెడిది. పదిమంది కలిసినపుడు ఆ కష్టము కొంత తీరినది. కంప్యూటర్ల ప్రపంచమునందును ఇట్టి సహకార ప్రయత్న మొకటి జరిగినది. దాని ఫలమే లినక్సు.

లినక్సును వెల లేకుండ పొందవచ్చును, ఎందరికైనను పంచవచ్చును, పాత కంప్యూటర్లపై గూడ దీనిని నడపవచ్చును. అయినను దీనిని ఇంటి కంప్యూటరులో పెట్టుకొమ్మని విద్యార్థికి చెప్పినచో, అతడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “నా ఆట దీనిలో ఆడుతుందా?” ఇది చిన్నపిల్లల ప్రశ్న అని తీసివేయరాదు. ముప్పది సంవత్సరములకు పైబడిన చరిత్ర ఈ ప్రశ్నలో ఇమిడియున్నది.

జకార్డు అట్టలు చెప్పు పాఠము

ఫ్రాన్సు దేశస్థుడైన జకార్డు 1804 ప్రాంతమున రంధ్రములు చేసిన అట్టలతో నడచు మగ్గమును నిర్మించెను. రంధ్రమున్నచోట ఒక దారము పైకి లేచును, లేనిచోట లేవదు. నేయవలసిన పువ్వు, లత, అంచు అన్నియు ఆ అట్టలలోనే ఉండును. కంప్యూటరునకు మనమిచ్చు ప్రోగ్రాము ఈ అట్టల వరుస వంటిదే.

అయితే ఒక జకార్డు పెట్టెకు కోసిన అట్టలు, కొక్కెముల సంఖ్య వేరుగానున్న మరొక పెట్టెకు సరిపడవు. ప్రోగ్రాముల విషయమును అంతే. తెరపై బొమ్మ గీయవలెనన్నను, శబ్దము వినిపించవలెనన్నను, మీట నొక్కినది తెలియవలెనన్నను ప్రోగ్రాము తానుగా యంత్రమును తాకదు. ఆపరేటింగ్ సిస్టమ్ అను నిర్వాహక వ్యవస్థను అడిగి ఆ పని చేయించుకొనును. విండోస్ ఈ కోరికలను ఒక రీతిగా వినును, లినక్సు వేరొక రీతిగా వినును. కనుక ఒకదానికొరకు వ్రాసిన ఆట రెండవదానిపై యథాతథముగా నడువదు.

ఒక ఆట, ఒక మూలనున్న యంత్రము

ఆటలే అడ్డంకియైన ఈ వ్యవస్థ వంశమున, మూలపురుషుని జన్మకు ఒక ఆటయే తోడ్పడినదనుట విచిత్రమైన సత్యము. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్ “స్పేస్ ట్రావెల్” అను ఆటను వ్రాసెను. ఆడువాడు సూర్యకుటుంబములోని గ్రహముల నడుమ నౌకను నడుపుచు వానిపై దిగుటకు యత్నించును. పెద్ద కంప్యూటరుపై దీనిని ఒక్కసారి ఆడుటకు దాదాపు 75 డాలర్ల యంత్రకాలము ఖర్చగుచుండెను. అందుచేత థామ్సన్, ఎవరును అంతగా వాడని పీడీపీ–7 అను చిన్న యంత్రమును చూచి, డెన్నిస్ రిచీ తోడ్పాటుతో ఆటను దానికొరకు తిరిగి వ్రాసెను. ఆ పనిలో అబ్బిన అనుభవముతో అదే యంత్రముపై యూనిక్స్ అను నిర్వాహక వ్యవస్థ రూపొందినది.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ యూనిక్స్‌ను పోలిన స్వేచ్ఛా వ్యవస్థను నిర్మించుటకు గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991 ఆగస్టులో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును గూర్చి ప్రకటించెను. సోర్స్ కోడు, అనగా ప్రోగ్రాము అసలు పాఠము, అందరును చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును అనునదే వీరి నియమము.

విత్తు ముందా, చెట్టు ముందా?

1993 డిసెంబరులో “డూమ్” అను ఆట వెలువడి లోకమును ఉర్రూతలూగించెను. డేవ్ టేలర్ దానిని 1994లోనే లినక్సుపై నడుచునట్లు చేసెను. అనగా ఆనాటికి లినక్సు ఈ రంగమున వెనుకబడి లేదు. 1995లో పరిస్థితి మారినది. విండోస్ 95 వచ్చినది. ఆటలు వ్రాయువారికొరకు మైక్రోసాఫ్ట్ సంస్థ డైరెక్ట్‌ఎక్స్ అను సాధనముల కూర్పును సమకూర్చినది. డూమ్‌ను విండోస్‌పైకి తెచ్చిన బృందమునకు ఆనాడు ఆ సంస్థలో పనిచేయుచున్న గేబ్ న్యూవెల్ నాయకుడు. ఈ పేరు గుర్తుంచుకొనదగినది.

అటుపిమ్మట ఒక వలయ మేర్పడినది. విండోస్ వాడువారు ఎక్కువ గనుక ఆటలు దానికే వ్రాయబడెను. ఆటలు దానిలోనే ఉండుటచే వాడువారు ఇంకను పెరిగిరి. గ్రాఫిక్స్ కార్డుల తయారీదారులు డ్రైవర్లను ముందుగా దానికే సిద్ధపరచిరి. లినక్సునకు ఆటలు లేవు గనుక జనము రారు. జనము లేరు గనుక ఆటలు రావు.

ఈ వలయమును ఛేదింపవలెనని 1998లో లోకీ అను సంస్థ విండోస్ ఆటలను లినక్సునకు మార్చి అమ్మజూచెను. కొనువారు చాలక 2002లో అది మూతపడెను. అయినను ఆ శ్రమ పూర్తిగా వ్యర్థము కాలేదు. ఆ సంస్థలో పనిచేసిన శాం లాంటింగా 1998లో రూపొందించిన ఎస్‌డీఎల్ అను సాధనము నేటికిని ఎన్నో ఆటలకు ఆధారము.

తెలుగునాట

యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగు లిపికి స్థానము లభించెను. 2005లో స్వేచ్ఛ అను సంస్థ లినక్సు ఆధారముగా తెలుగు నిర్వాహక వ్యవస్థను వెలువరించెను. మెనూలు, ఆదేశములు తెలుగులో కనిపించుట సామాన్యమైన విజయము కాదు. 2007లో సీడాక్ సంస్థ భారతీయ భాషలకు అనువైన బాస్ లినక్సును విడుదల చేసెను. పొరుగున కేరళ ప్రభుత్వము తన పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వైపు మరల్చెను.

పాఠశాలలో కుదిరినది ఇంటిలో కుదరలేదు. ఆ కాలమున పట్టణములలోని నెట్ సెంటర్లలో బాలురు మక్కువతో ఆడిన కౌంటర్ స్ట్రయిక్, వైస్ సిటీ వంటి ఆటలు అప్పటికి లినక్సునకు రాలేదు. మరియు ఒక సంగతి: విండోస్ దొంగ ప్రతులు సులభముగా దొరకుచుండుటచే, లినక్సు ఉచితమన్న మాటకు ఆకర్షణ తగ్గినది. వెల చెల్లింపనివానికి వెల లేనిదాని విలువ ఎట్లు తెలియును?

దుబాసీ చేసిన పని

ఆదోని మార్కెట్ యార్డుకు కర్ణాటక పల్లెలనుండి ప్రత్తి తెచ్చిన రైతునకు తెలుగు రాదనుకొందము. అతడు తెలుగు నేర్చువరకు బేరము ఆగనక్కరలేదు. రెండు భాషలును తెలిసినవాడు ప్రక్కన నిలిచి, అతడన్న ప్రతి మాటను అప్పటికప్పుడు తెలుగులో చెప్పినచాలును. 1993లో ఆరంభమైన వైన్ అను ప్రోగ్రాము ఇట్టి దుబాసీయే. విండోస్ ఆట అడిగిన ప్రతి కోరికను అది లినక్సునకు అర్థమగునట్లు మార్చి చెప్పును. అయితే వేలకొలది కోరికలను ఒక్కొక్కటిగా కనిపెట్టి వ్రాయవలసి వచ్చుటచే, వైన్ 1.0 కూర్పు 2008లో గాని వెలువడలేదు.

ఇంతలో గేబ్ న్యూవెల్ మైక్రోసాఫ్ట్ వీడి, 1996లో వాల్వ్ సంస్థను స్థాపించి, స్టీమ్ అను ఆటల అంగడిని నడుపుచుండెను. 2012లో విండోస్ 8 తన సొంత అంగడితో రాగా, ఒకే సంస్థ వాకిలిపై ఆధారపడుట ప్రమాదమని ఆయన తలచెను. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లినక్సునకు వచ్చినది. 2015లో లినక్సుతో నడచు స్టీమ్ మెషీన్లు అమ్మకమునకు వచ్చి, తగినన్ని ఆటలు లేక విఫలమైనవి. ఆటలు వ్రాయువారిని రెండవసారి వ్రాయుమని అడుగుటలో ఫలము లేదని దీనివలన తేలినది. దుబాసీనే బలపరుపవలెను.

2016లో వల్కన్ అను కొత్త చిత్రలేఖన ప్రమాణము వెలువడినది. ఫిలిప్ రెబోల్ అను ప్రోగ్రామరు తనకిష్టమైన “నియర్ ఆటోమేటా” ఆటను లినక్సుపై ఆడవలెనన్న కోరికతో, డైరెక్ట్‌ఎక్స్ కోరికలను వల్కన్ భాషలోకి మార్చు డీఎక్స్‌వీకేను వ్రాయనారంభించెను. వైన్, డీఎక్స్‌వీకేలను కలిపి వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను విడుదల చేసెను. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అను చేతి యంత్రము లినక్సుతోనే నడచును. 2025 అక్టోబరులో స్టీమ్ వాడువారిలో లినక్సు వాటా మొట్టమొదటిసారిగా నూటికి 3 దాటినది. సంఖ్య చిన్నదే, వలయము మాత్రము ఒకచోట తెగినది.

మిగిలిన చిక్కు

పోటీ ఆటలలో మోసములను పట్టు ప్రోగ్రాములు కొన్ని నిర్వాహక వ్యవస్థ గర్భమున ప్రవేశించి కావలి కాయును. విండోస్ గర్భమునకై వ్రాసిన కావలివానికి దుబాసీ సాయము చాలదు. అందుచేతనే వాలరెంట్ ఆట లినక్సుపై ఆడదు. ఏపెక్స్ లెజెండ్స్ 2024లో లినక్సు వారికి తలుపు మూసినది. ఇచట అడ్డంకి యంత్రశక్తికి సంబంధించినది కాదు; ఆట యజమానుల నిర్ణయమునకు సంబంధించినది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు భద్రతా చిప్పు, కొత్తతరము ప్రాసెసరు పాత కంప్యూటర్లలో ఉండవు. ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణములలో పాఠశాలలకును, సామాన్య గృహములకును ఇది డబ్బుతో కూడిన సమస్య. పనిచేయుచున్న యంత్రమును పారవేయుటకు ముందు ఉపాధ్యాయులు ఒక ప్రయోగము చేయింపవచ్చును. లినక్సును పెన్ డ్రైవులో నింపి, హార్డ్ డిస్కును ముట్టకయే కంప్యూటరును దానితో నడపవచ్చును. శబ్దము, తెర, ఇంటర్నెట్టు సరిగా ఉన్నవో లేవో, ఏ చిన్న ఆట నడచునో, ఏది నడువదో విద్యార్థులే పట్టిక వేయవచ్చును. నడువని ప్రతిదానికి కారణము వెదకుటయే మంచి విజ్ఞానపాఠము.

విద్యార్థులు ఎరుగవలసిన మాట ఇంకొకటి కలదు. 2008లో ఫోన్లపైకి వచ్చిన ఆండ్రాయిడ్‌కు మూలము లినక్సు కెర్నెలే. ఆండ్రాయిడ్ ఫోనులో ఆటలాడు ప్రతి బాలుడును తెలియకయే లినక్సును వాడుచున్నాడు. జనమున్నచోటికి ఆటలు వచ్చునని ఆ ఫోనే సాక్ష్యము చెప్పుచున్నది. బల్లమీది కంప్యూటరు విషయమున ఆ జనము పదిమందిగా మొదలై పెరుగవలసియున్నది, ఎమ్మిగనూరు నేతగాండ్ల సంఘము వలె.