డ్రెస్డెన్ పళ్ళెము

మన వాడుకలో ‘అతుకుల బొంత’ అనునది మెచ్చుకోలు మాట కాదు. పొందిక లేని గ్రంథమును, పొసగని మంత్రివర్గమును మనము ఆ పేరుతో వెక్కిరింతుము. పాత చీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టిన మన అవ్వలు దీనికేమందురో గాని, అమెరికా దేశపు గృహిణులు మాత్రము అతుకు వేయుటనే ఒక శాస్త్రముగా సాధించిరి. వారు క్విల్టు అని పిలుచు దుప్పటికి మూడు పొరలుండును. పైన అతుకుల గుడ్డ, నడుమ దూది, క్రింద అస్తరు. పైపొరకు వందలకొలది నమూనాలు కలవు. 1920, 1930 దశాబ్దములలో ఇంటింట కుట్టబడిన నమూనాలలో ఒకటి ‘డ్రెస్డెన్ ప్లేట్’, అనగా డ్రెస్డెన్ పళ్ళెము.

దాని రూపము సులభముగానే ఊహింపవచ్చును. పూరేకులవంటి ముక్కలు, తరచుగా ఇరువది, ఒకదాని ప్రక్కన ఒకటి కుట్టగా వలయమగును. దానిని తెల్లని చదరపు గుడ్డపై పరచి కుట్టి, నడుమనున్న రంధ్రమును ఒక గుండ్రని బిళ్ళతో కప్పుదురు. ఒక్కొక్క రేకు ఒక్కొక్క అద్దకపు గుడ్డ.

పేరు చూచి ఇది జర్మనీ దేశపు కుట్టుపని యని భ్రమపడరాదు. జర్మనీనుండి వచ్చినది పేరు మాత్రమే. డ్రెస్డెన్ సాక్సనీ పాలకుల రాజధాని. పదునెనిమిదవ శతాబ్ది తొలినాళ్ళలో అచట నేలిన అగస్టస్‌కు పింగాణిపై గల వ్యామోహము ఇంతింత యనరానిది. 1717లో ఆయన తన సైనికులను 600 మందిని ప్రష్యా రాజునకిచ్చి, బదులుగా 151 పింగాణి పాత్రలు పుచ్చుకొనెను! అంతకు పూర్వమే, బంగారము చేయుదునని పలికిన బ్యోట్గర్ అను యువకుని నిర్బంధములో నుంచి ప్రయోగములు చేయించెను. బంగారము రాలేదు గాని, చిర్న్‌హౌస్ అను శాస్త్రజ్ఞుని తోడ్పాటుతో చీనావారి గట్టి పింగాణి రహస్యము బయటపడెను. 1710లో డ్రెస్డెన్‌కు సమీపమున మైసెన్‌లో కార్ఖానా వెలసెను. ఆ సరకునే ఇంగ్లీషు మాటలాడువారు ‘డ్రెస్డెన్ చైనా’ అనిరి. పూలు చిత్రించిన ఆ పళ్ళెములు సంపన్నుల అలమారులలో నుండెడివి.

అట్టి పళ్ళెము కొనజాలని ఇండ్లలో గుడ్డతో పళ్ళెము పుట్టినది. 1929లో అమెరికాలో ఆర్థిక వ్యవస్థ కూలెను. వెనువెంటనే మధ్య రాష్ట్రములను అనావృష్టి, ధూళి తుపానులు పీడించెను. పిండి, పంచదార, కోళ్ళమేత నూలు బస్తాలలో వచ్చెడివి. వంద పౌన్ల బస్తాను విప్పినచో గజమునకు మించిన గుడ్డ దొరకును. గృహిణులు దానితో గౌనులు, చొక్కాలు కుట్టుచున్నారని గ్రహించిన వర్తకులు బస్తాలపైననే పూలు అద్దించిరి. గౌను కుట్టగా మిగిలిన పీలికలు రేకులైనవి. నమూనాలు వార్తాపత్రికలలో వచ్చెడివి. కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక 1928 నుండి వానిని ప్రకటింపసాగెను. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భమున సియర్స్ సంస్థ పెట్టిన పోటీకి 24,000 పైచిలుకు క్విల్టులు వచ్చెను. మొదటి బహుమతి 1,000 డాలర్లు. ఆ కరవుదినములలో అది చిన్న మొత్తము కాదు.

మరి పీలికలకు శాస్త్రమెందులకు? గుడ్డ తక్కువ కనుకనే. చెడిపోయిన రేకును మరల కత్తిరించుటకు ఆ అద్దకము మరి దొరకదు. వలయమునకు 360 డిగ్రీలు; ఇరువది రేకులైనచో ఒక్కొక్కదానికి 18. ఈ లెక్క తప్పినచో పళ్ళెము పళ్ళెముగా నుండదు. కోణములు చాలనిచో గిన్నెవలె గుంటపడును. ఎక్కువైనచో అంచు కుచ్చులు పోవును.

ఇచట ఒక చిత్రమైన సంగతి కలదు. కుట్టుకై విడుచు అంచు పావు అంగుళము. పొరపాటున ప్రతి కుట్టునందును రెండు రేకులనుండియు ఒక్కొక్క మిల్లీమీటరు ఎక్కువ పోయినదనుకొందము. అది మొదటినుండి చివరివరకు సమముగా పోయినచో కోణము మారదు. పళ్ళెము చదునుగానే యుండును. అడ్డుకొలత మాత్రము సుమారు అర అంగుళము తగ్గును. దుప్పటిలోని పళ్ళెములన్నియు అట్లే తగ్గినచో ఎవరికిని తెలియదు. కాని కుట్టు వాలినచో, అనగా లోపలి కొన సరిగా నుండి వెలుపలి కొననే ఆ మిల్లీమీటరు జారినచో, ఇరువది కుట్లకు అంచుచుట్టు నలుబది మిల్లీమీటర్లు కొరవడును. గిన్నె యగుట తథ్యము. కుట్టు వెడల్పగుట కంటె వంకర పోవుటయే ముప్పన్నమాట.

నేను సూది పట్టినవాడను కాను. ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు పాత కార్యక్రమ పత్రములను ఇరువది రేకులుగా కత్తిరించి జిగురుతో అతికించి చూచితిని. మా కార్యాలయములో అది ఇప్పుడు గుండుసూదులు పోసికొనుటకు పనికివచ్చుచున్నది.

చేతితో కుట్టు స్త్రీలు దీనికి కనుగొన్న ఉపాయము ఎంతో తెలివైనది. వారి అట్టముక్కకు కుట్టు అంచు ఉండెడిది కాదు. రేకు అసలు కొలతకు కోసిన అట్టను గుడ్డ వెనుక నుంచి పెన్సిలుతో గీసి, అంచును కంటి అంచనాతో విడిచి కత్తిరించెడివారు. కత్తిరింపు వంకరయైనను హాని లేదు. సూది నడచునది గీతమీదనే. గీచి గీచి అట్ట కోణములు అరిగిపోవును గనుక ఒక అట్టతో చాలకాలము గీయరాదు. గుడ్డ పోగును గూడ గమనింపవలెను. రేకు నడిమిగీత నిలువుపోగుమీద నున్నచో రెండు ప్రక్కలు సమముగా క్రాసు పోవును. లేనిచో ఒక ప్రక్క మాత్రమే సాగి వలయమును తిప్పివేయును. ఇస్త్రీపెట్టెను అద్దవలెనే గాని లాగరాదు.

అన్నిటికంటె నాకు నచ్చినది వారి తనిఖీ. ఇరువదియు కుట్టి చివరకు ఏడ్చుట కంటె, ఐదేసి రేకులు చొప్పున కలుపుదురు. ఐదు పదునెనిమిదులు తొంబది గనుక, ఆ పావు వలయము ప్రక్కన ఏ పుస్తకపు మూలనైనను ఉంచి లంబకోణము సరిచూడవచ్చును. రెండు పావులు కలిపినచో అంచు తిన్నని గీత కావలెను.

1945 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికను విమానములు డ్రెస్డెన్ నగరమును తగులబెట్టు నాటికి, ఆ పేరుగల దుప్పట్లు అమెరికాలో ఎందరి పడకలపైననో పరచియుండెను. తెల్లగుడ్డమీదికి ఎక్కక పెట్టెలలో మిగిలిపోయిన వలయములును అనేకము. 1970 దశాబ్దమున క్విల్టులపై ఆసక్తి మరల మేల్కొనినప్పుడు, ఎవరు కుట్టిరో తెలియని అట్టి వలయములను బయటకు తీసి పూర్తిచేయువారు బయలుదేరిరి. గుంటపడిన పళ్ళెము దొరికినచో వారు దానిని ఇస్త్రీతో అణచరు. వెలుపలి కొనవైపు మూడు నాలుగు కుట్లను సగమువరకు విప్పి, ఒక్కొక్కదానిలో కొంచెము కొంచెముగా అంచును విడుతురు. ఒక్క కుట్టులోనే విడిచినచో ఆ రేకు తక్కినవానికంటె లావుగా కనబడును.