అయ్యవారి జీతము – పిల్లవాని పరీక్ష

కృష్ణా డెల్టా గ్రామములందు పూర్వము బడి యనగా ఒక యింటి అరుగే. బాలుడు ఇసుకలో ఓనమాలు దిద్ది, పిమ్మట తాటాకుపై గంటముతో వ్రాయుట నేర్చెడివాడు. ఎక్కములును, శతకపద్యములును కంఠస్థములు. ఆ చదువునకు పరీక్ష దసరా పండుగ. బాలురు విల్లంబులు ధరించి అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పాడుచుండ ఊరెల్ల వినెడిది. పిల్లలకు పప్పుబెల్లములు, అయ్యవారికి కానుకలు లభించెడివి. అయితే బాలికలును, అంటరానివారిగా ఎంచబడిన కుటుంబముల బిడ్డలును ఆ అరుగెక్కుట అరుదు.

1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాల కలెక్టరులను విద్యాలయముల లెక్కలు కోరెను. మచిలీపట్నము నుండియు నివేదిక వెళ్లెను. రాజధాని మొత్తమున 12,498 విద్యాలయములు, 1,88,650 మంది విద్యార్థులు కలరని 1826లో తేలెను. ఉపాధ్యాయులకు సాధారణముగా నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదనియు, అంతమాత్రమునకు యోగ్యులు ఈ వృత్తికి రారనియు మన్రో వ్రాసెను.

ఆ లోపము తీరకమునుపే మరియొక చిక్కు వచ్చెను. ఇంగ్లండులో 1862లో ఏర్పడిన, ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి చెన్నరాజధానికిని వ్యాపించెను. పరీక్షాధికారి వచ్చి చదువు, వ్రాత, లెక్కలందు పిల్లలను పరీక్షించును. నెగ్గినవారి సంఖ్యనుబట్టి బడికి సొమ్ము ముట్టును. అందుచే పరీక్షకు వచ్చు పాఠమునకే ఆదరము కలిగెను. ఆనాడు జ్వరముతో పడుకొన్న బాలుడును, మెల్లగా గ్రహించు బాలుడును అయ్యవారి కూటికి నష్టమైరి. 1904లో భారత ప్రభుత్వ విద్యావిధాన తీర్మానము ఈ పద్ధతిని నిరాకరించెను.

1939లో మరియా మాంటిస్సోరి అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. 1955లో విజయవాడయందు కోటేశ్వరమ్మగారు మాంటిస్సోరి పాఠశాలను స్థాపించిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించెను. మాంటిస్సోరి పద్ధతిలో పిల్లవాడు వస్తువును ఎట్లు పట్టెనో, తన తప్పును తానే ఎట్లు దిద్దుకొనెనో ఉపాధ్యాయుడు ఓర్పుతో గమనించవలెను. ఆ గమనికయే పరీక్ష.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డకును విద్యను హక్కుగా చేసి, ఉపాధ్యాయునకు కనీసార్హతలను, విద్యార్థికి నిరంతర మూల్యాంకనమును విధించెను. శాసనము పుస్తకమున నున్నంత మాత్రమున చాలదు. బడిలో ఎందరు నెగ్గిరని అడుగు గ్రామము, ఎవరు వెనుకబడిరి, ఎందుకు వెనుకబడిరి అనియు అడుగవలెను. అట్టి బిడ్డ ఒకే పుటను పదిమార్లు తిరుగవేసినను తొందరపెట్టువారు లేని చోటు ఊరిలో గ్రంథాలయమొక్కటే.