కాలువ గట్టున మన సంఘముల బాట

ఈ శతవార్షిక సంచికకు మన ప్రాంతపు చరిత్ర కొంత వ్రాసి ఇమ్మని పెద్దలు కోరినప్పుడు, పుస్తకములు ముందు వేసుకొని కూర్చొనుటకంటె ఆ దారిన ఒకసారి పోయి రావడమే మేలని మాకు తోచింది. సంఘములో నుండి నలుగురము కలిసి ఒక కారు మాట్లాడుకొని, తాడేపల్లిగూడెములో ప్రార్థన చేసుకొని బయలుదేరాము. అక్కడి నుండి ఏలూరు, ఏలూరు నుండి కొల్లేరు. దూరము చూస్తే ఒక్క పూట ప్రయాణమే. మాకు మాత్రము రెండు రోజులు పట్టింది.

తాడేపల్లిగూడెము అనగానే చాలామందికి ఉల్లిపాయల బజారు జ్ఞాపకము వస్తుంది. చదువుకొనే పిల్లలకైతే 2015లో వచ్చిన ఎన్.ఐ.టి. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో విమానముల కొరకు వేసిన రన్‌వే కూడ ఇక్కడ ఉంది. మేము చూడబోయినది ఇవేవీ కావు, ఏలూరు కాలువ.

కాటన్ దొరగారు ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించారు. ఆ ఆనకట్టకు పడమటి కొసన, విజ్జేశ్వరము వద్ద తీసిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెము, భీమడోలు మీదుగా ఏలూరు చేరుతుంది. బెజవాడ నుండి కృష్ణ నీళ్ళు తెచ్చే కాలువ కూడ ఏలూరుకే వస్తుంది. కాకినాడలో పడవ ఎక్కినవాడు ఏలూరు, బెజవాడ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాము కాలువల మీదుగా మద్రాసు దాక నీళ్ళ మీదనే పోగలిగిన రోజులు ఉండేవి.

ఈ కాలువ పంటకు నీరిచ్చిందని బడిలో అందరమూ చదువుకొన్నాము. ఇది రోడ్డు కూడ అన్న సంగతి మరచిపోయాము. రేగడి నేలలో వాన పడితే బండి చక్రము ఇరుసు దాక దిగబడేది. అప్పుడు ధాన్యమైనా, పెండ్లివారైనా, పాదిరిగారైనా పడవలోనే పోవాలి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుష్యులు తాడు భుజాన వేసుకొని లాగుట. లాకుల వద్ద నీటి మట్టము సరిపడే వరకు పడవలన్నీ ఆగేవి. ఆ ఆగిన పడవల మధ్యనే ఉపదేశులు పాట ఎత్తుకొనేవారని మా ఇండ్లలో పెద్దలు చెప్పగా విన్నాము. ఈ జలమార్గమును 2008లో జాతీయ జలమార్గముల లెక్కలో చేర్చారు. మేము చేబ్రోలు, కైకరము, పూళ్ళ, భీమడోలు దాటి వచ్చినంతసేపు కాలువలో ఒక్క తెరచాపయైనా కనబడలేదు.

దారి తప్పి పెదవేగి చూశాము. శాలంకాయనులకు, వారి తరువాత ఏడవ శతాబ్దములో కుబ్జ విష్ణువర్ధనునితో మొదలైన తూర్పు చాళుక్యులకు రాజధానియైన వేంగి ఇదే. ఎంత రాజ్యమో, ఇప్పుడు అంత నిశ్శబ్దము. రాత్రికి ఏలూరు చేరాము.

ఏలూరును తమ్మిలేరు రెండు పాయలై చుట్టి కొల్లేటికి పోతుంది. ఇక్కడి తివాచీలు దేశదేశములలో పేరు పొందినవి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లాకు, 2022లో తన పేరుతోనే ఏర్పడిన జిల్లాకు ఇది ముఖ్య పట్టణమైంది. మనకు ముఖ్యమైన సంవత్సరము 1854. నోబుల్, ఫాక్స్ దొరగార్లు 1841లో బందరుకు వచ్చి ఆరంభించిన చర్చి మిషనరీ సొసైటీ పని ఆ ఏట ఏలూరుకు సాగింది. నోబుల్ గారి బడి పై కులముల పిల్లలను ఉద్దేశించినది. సువార్త మేడ మీది నుండి మెట్లు దిగి వస్తుందని అనుకొన్నారు. కాని 1859లో రాఘవాపురము వాస్తవ్యుడు, మాల కులస్థుడు పగోలు వెంకయ్యగారు డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మము పొందారు. పని పల్లెల నుండి లేచింది. మన సంచికలలో మాత్రము దొరగార్ల పటములే ముందు పుటలలో ఉంటాయి. ఇది వారి తప్పు కాదు, మన బద్ధకము.

మరునాడు కైకలూరు రోడ్డున కొల్లేటి వైపు వెళ్ళాము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వరదంతా ఈ సరస్సులో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రములో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడ ఇక్కడికి రావలసినదే. 1999లో దీనిని అభయారణ్యముగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో లోపల త్రవ్విన చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. నీరు పోవడానికి చోటు ఉండాలి, అది మేమూ ఒప్పుకొంటాము. కాని ఒక లంక గ్రామములో సంఘ పెద్ద ఒకరు, “చెరువులు పోయిన ఏడు మా కానుకల పెట్టెలో చిల్లర తప్ప ఏమీ పడలేదయ్యా. పెద్ద చెరువులవాళ్ళు పట్నములో ఇండ్లు కట్టుకొన్నారు. వాళ్ళ దగ్గర కూలి చేసినవాళ్ళము మేము ఇక్కడే ఉన్నాము” అని చెప్పినప్పుడు మాకు జవాబు దొరకలేదు.

ఆ ఊరికి ఇప్పుడు రోడ్డు ఉంది. పూర్వము తాటి దోనె తప్ప వేరే దారి లేదు. ప్రార్థన మందిరము చిన్నది, గోడ మీద శిలాఫలకము లేదు, రిజిస్టరు ఏదో వరదలో తడిసి పోయిందట. మందిరము అరుగు మీద కూర్చొన్న ఒక ముసలమ్మగారిని, ఇక్కడ పని చేసిన ఉపదేశుల పేర్లు జ్ఞాపకమున్నవా అని అడిగాము.

“ఎందుకు లేవు బాబూ” అని వ్రేళ్ళు మడుస్తూ చెప్పసాగింది. ఒకరు పిల్లలకు పలకలు కొనిపెట్టినవారు. ఒకరు కలరా వచ్చిన ఏట ఊరు విడువక ఇక్కడే పోయినవారు. ఒకరి భార్య బైబిలు స్త్రీ; కాన్పులు కూడ ఆమెయే చూసేదట. మాలో ఒకరు కీర్తనల పుస్తకము వెనుక అట్ట మీద పేర్లు వ్రాసుకొన్నారు. అయిదు పేర్లు వచ్చినవి. ఆరవ వ్రేలు పట్టుకొని ఆమె చాలసేపు ఆలోచించింది. “లాంతరు పట్టుకొని దోనెలో వచ్చేవారు. పాట ముందు వినబడేది, మనిషి తరువాత కనబడేవారు. పేరు మా అమ్మకు తెలుసు” అన్నది.

అట్ట మీద ఆరవ అంకె వేసి, ఎదుట ఖాళీ విడిచి వచ్చాము.