51, 52, 50, మళ్లీ 51

నిజామాబాద్ ఒక జిల్లా కేంద్రం. అక్కడి కోచ్ శంసముద్దీన్ దగ్గర నిఖత్ జరీన్ బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కుంది. 2011లో టర్కీలోని అంటాల్యాలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచింది.

అప్పటికే మహిళల బాక్సింగ్‌లో ఫ్లైవెయిట్ విభాగం అంటే 51 కిలోలు. 2012లో లండన్‌లో తొలిసారి మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌కెక్కింది. ఉన్నవి మూడే విభాగాలు: 51, 60, 75. దాంతో 48 కిలోల రాణి మేరీకోమ్ బరువు పెంచుకుని 51కి రావాల్సి వచ్చింది, కాంస్యం తెచ్చింది. అదే బరువులో ఆడే నిఖత్‌కు దారి ఇరుకైంది అక్కడే. 2019 డిసెంబర్‌లో ఢిల్లీ ట్రయల్స్‌లో మేరీకోమ్ 9-1తో ఆమెను ఓడించింది.

2021లో విభాగాలు మారాయి. 51 పోయి 50, 52 వచ్చాయి. ఆ ఏడాదే హిసార్ జాతీయ పోటీల్లో 52 కిలోల స్వర్ణం నిఖత్‌ది. మరుసటి మే నెలలో ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది.

కానీ పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు! అందుకే 50కి దిగింది. 2022 భోపాల్ జాతీయ టైటిల్, 2023 ఢిల్లీ ప్రపంచ స్వర్ణం ఆ బరువులోనే.

52 నుంచి 50కి రెండు కిలోలేగా అనిపిస్తుంది. కానీ పోటీ రోజు పొద్దున్నే కాటా ఎక్కాలి, ముల్లు 50 దాటితే ఆటే లేదు. పారిస్‌లో ప్రత్యర్థి వూ యూ చేతిలో ఓడాక, బరువు కోసం రెండు రోజులు తిండి మానేశానని నిఖత్ చెప్పింది. తినకుండా బరిలోకి దిగిన ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

2025లో వరల్డ్ బాక్సింగ్ సంస్థ 51ని తిరిగి తెచ్చింది. నిఖత్ కూడా అందులోకే వెళ్లింది.